ఉడుత చదువుకునే సోఫా

పరీక్ష పిల్లలకి కాదు, గదికే అని ఆ ఇంట్లో అందరూ అనుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అది సోఫాలకూ కుర్చీలకూ కొత్త గుడ్డ వేసేవాళ్ళ ఇల్లు. ముందుగదే పనిశాల. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనివాళ్ళే. ఆయన ఫ్రేములు బిగించి స్ప్రింగులు కడతాడు, ఆవిడ గుడ్డ కోసి మేకులు కొడుతుంది. ఎవరు ఏ సోఫా తెచ్చినా సరే, పాత గుడ్డ చింపి లోపలి చెక్క చూడందే పని ఒప్పుకోరు. "పైన పటారం, లోన లొటారం మా దగ్గర కుదరదండీ" అని ఆయన గుమ్మంలోనే చెప్పేస్తాడు. ఆ మాట మీదే వాళ్ళకి పేరొచ్చింది. అలాంటి ఇంట్లో, ఆ మాట రోజూ వినే మనిషి, లోపల ఏముందో చూడకుండా గుడ్డ వేసేసింది. పరాయి సొమ్ముకి కాదు, కన్నకూతురి చదువుకి. భయం అలాంటిది. అది పట్టుకుంటే ఎంత పనిమంతులకైనా చేతులు నడుస్తాయి గానీ బుర్ర నడవదు.

వాళ్ళకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాన్ని ఇంట్లో దొరసాని అంటారు. పెన్సిళ్ళు పొడుగు ప్రకారం పేర్చుకుని గానీ పుస్తకం తెరవదు. చిన్నది ఉడుత. ఎనిమిదేళ్ళది. ఒకచోట కూర్చోమంటే దానికి ఒళ్ళంతా చీమలు పాకుతాయి. బడిలో దాన్ని చేతులు కట్టుకుని, నోటి మీద వేలేసుకుని కూర్చోమనేవారు. కదిలితే నిలబెట్టేవారు. నిలబెట్టినా కదిలితే గోడవైపు తిప్పేవారు. పిల్ల మొదట చేతులు కట్టుకోవడం నేర్చుకుంది, ఆ తర్వాత నోరు కట్టేసుకోవడం నేర్చుకుంది. బడిలోనే కాదు, ఇంట్లో కూడా. ఆకలేస్తే కంచం చూపించేది. అమ్మానాన్నా ఎంత బతిమాలినా పెదవి విప్పేది కాదు. ఎన్నో నెలలు అలాగే గడిచాయి. ఆఖరికి తల్లి చూడలేక బడి మాన్పించేసింది. "దానికి లేని బడి నాకెందుకు?" అని దొరసాని కూడా సంచీ మూల పడేసింది.

ఇంట్లో చదువు ఎలా చెప్పాలో ఆవిడకేం తెలుసు? పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే పెద్దది చదివేసేది, చిన్నది చూరు చూసేది. ఆ రోజుల్లోనే పనిశాలలో ఒక పాత సోఫా పడి ఉంది. ఇచ్చినాయన ఇల్లు మారి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. గుడ్డా స్పాంజీ పీకేసిన ఒట్టి ఫ్రేము, వెనకభాగం బార్లా తెరిచి ఉండేది. ఒకనాడు ఉడుత సుద్దముక్క పట్టుకుని అందులోకి దూరింది. తల్లి పక్కనే నోటి నిండా మేకులు పెట్టుకుని, పెదాలతో ఒక్కొక్కటే బయటికి తీస్తూ ఎవరిదో కుర్చీకి గుడ్డ కొడుతోంది. ఆ పనిలో అందరూ అలాగే పెట్టుకుంటారు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా.

"అమ్మా, ఈ స్ప్రింగు కీచుమంటోంది."

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. సోఫాలోంచి వచ్చిన గొంతది! ఉమ్మేస్తే మేకులు కింద పడి చప్పుడవుతుంది, ఆ చప్పుడికి గొంతు మళ్ళీ ఎక్కడ లోపలికి పోతుందోనని ఆవిడ కదల్లేదు. "ఊ" అంది. అంతే అనగలిగింది.

"ఇది మాత్రం అనడం లేదు. ఎందుకని?"

"ఊ?" అంది మళ్ళీ.

"చూస్తానుండు" అంది లోపలి గొంతు.

అదిగో, ఆ ఇంట్లో బడి అలా మొదలైంది. ఉడుత సోఫాలో, తల్లి పక్కన సుత్తితో. పిల్ల ఏదో లెక్క చెప్పేది. తప్పయితే తల్లి "ఊహూ" అనేది. అంతకు మించి చెప్పడానికి నోరు ఖాళీ ఉండేది కాదు. పిల్ల మళ్ళీ ఆలోచించి, మళ్ళీ చెప్పి, చివరికి "ఊ" అనిపించుకునేది. చదివింది, రాసింది, లెక్కలు చేసింది, అన్నీ ఆ చెక్కల లోపలే, సుద్దతోనూ పెన్సిల్‌తోనూ. తల్లికి ఆ గీతలన్నీ కనబడుతూనే ఉండేవి గానీ, చదువంటే పుస్తకంలో ఉండేదే అని ఆవిడ నమ్మకం. ఇదేదో పిల్లని దారిలో పెట్టుకోవడానికి దొరికిన ఆట అనుకుంది.

ఏడాది తిరిగింది. ఇంట్లో చదివించుకోవడానికి అనుమతి ఏడాదికే ఇస్తారు. గడువు ముగిశాక చదువుల ఆఫీసు నుంచి ఒకరు ఇంటికి వచ్చి, పిల్లల్ని స్వయంగా ప్రశ్నలడిగి, సరే అంటే ఇంకో ఏడాది. కాదంటే సోమవారమే బడి. అదే బడి, అదే గోడ.

అప్పుడే దిగింది ఆడపడుచు. ఆవిడ ఏళ్ళ తరబడి బడిలో పాఠాలు చెబుతున్న మనిషి. మంచిదే, నోరు మాత్రం కాస్త పెద్దది. ముందుగదిని నాలుగువైపులా చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇదేం గది వదినా? ఓ పక్క స్పాంజి ముక్కలు, ఓ పక్క మేకులు! వచ్చేవాళ్ళు చూసి ఇది చదువుకునే ఇల్లంటారా, గోడౌనంటారా?"

"మరి ఏం చెయ్యమంటావమ్మా?"

"నేను చెప్తా, నువ్వు చెయ్యి. పిల్లలకి ఒక పద్ధతి ఉండాలి. బల్ల ఉండాలి, బోర్డు ఉండాలి, టైము ఉండాలి, గంట ఉండాలి. ఇంకో మాట, చదువు చెప్పేటప్పుడు నువ్వు అమ్మవి కాదు. టీచర్ అని పిలిపించుకో. లేకపోతే నెత్తికెక్కి కూర్చుంటారు."

చెప్పొద్దూ, ఆ మాటల్లో తప్పేం లేదు. పనిముట్లు మూల దాచి, బల్లా బోర్డూ గంటా తెచ్చి పెట్టారు. దొరసానికి ఆ బల్ల చూడగానే ప్రాణం లేచొచ్చింది. టైంటేబుల్‌కి తనే రంగులు వేసింది, గంట కొట్టే పని తనే తీసుకుంది, పాఠాలు రెట్టింపు వేగంతో నడిపించింది. పెద్దదాన్ని చూసి తల్లి మురిసిపోయింది. పెద్దదానికి కుదిరింది చిన్నదానికీ కుదురుతుందనుకుంది. రెండు కుర్చీలకి ఒకే కొలత పెట్టి గుడ్డ కోస్తే ఏమవుతుందో ఆవిడకి తెలియదా? తెలుసు. కుర్చీల విషయంలో తెలుసు.

ఇక మిగిలింది వచ్చే ఆఫీసరమ్మ కూర్చోవడానికి ఆసనం. ఊరందరికీ సోఫాలు చేసే ఇంట్లో ఒక మంచి కుర్చీ లేదు. ఆడపడుచు కళ్ళు ఉడుత ఫ్రేము మీద పడ్డాయి.

"దీనికి గుడ్డ వేసెయ్యరాదూ? గదికే అందం వస్తుంది."

తల్లి నీలం గుడ్డ తీసింది. స్పాంజి పరిచింది, అంచులు మడిచింది, పొందికగా మేకులు కొట్టింది. ఉడుత పక్కనే నిలబడి చూసింది. ఏడవలేదు, అడ్డుపడలేదు. వెనకభాగం మూసే ముందు ఒక్కసారి లోపలికి చెయ్యి పెట్టి, ఏదో తీసుకుని గుప్పిట మూసుకుంది. అంతే. ఆ సాయంత్రం నుంచి పిల్ల మాట్లాడింది లేదు. "అలిగింది, అదే దారికొస్తుందిలే" అంది ఆడపడుచు. తల్లి కూడా అదే అనుకోవాలని చాలా ప్రయత్నం చేసింది.

భర్త పని నుంచి వచ్చి సోఫా చుట్టూ తిరిగి చూశాడు.

"బాగా కొట్టావ్. లోపల చూశావా?"

"చూశాను. చెక్క రాయిలా ఉంది."

"నేనడిగింది చెక్క గురించి కాదు" అన్నాడు. ఆవిడకి కోపం వచ్చింది. అన్ని పనులూ తన నెత్తిన పడేసి, ఇప్పుడు వంకలు పెడుతున్నాడని కసిరింది. ఆయన మర్నాడు సినిమా హాల్లో సీట్లు బాగుచేసే పనికి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడే ఆఫీసరమ్మ వచ్చింది.

పొడుగాటి మనిషి. మోకాళ్ళ నొప్పి కాబోలు, గుమ్మం ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంది. గదంతా ఒకసారి చూసి "శుభ్రంగా ఉంది" అంది. ఆ ఒక్క ముక్కకే వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచు ముఖం చాటంత అయింది. ఆఫీసరమ్మ వెళ్ళి నీలం సోఫాలో కూర్చుంది. బల్ల దగ్గర ఉన్న ఉడుత ఉలిక్కిపడటం తల్లి చూసింది.

ముందు దొరసాని వంతు. అడిగిందానికీ చెప్పింది, అడగనిదానికీ చెప్పింది. ఆఫీసరమ్మ నవ్వింది కూడా. "ఈ అమ్మాయి గురించి నాకేం బెంగలేదు" అంటూ ఉడుత వైపు తిరిగింది.

"నీకిష్టమైన పాఠం ఏదమ్మా?"

ఉడుత చేతులు కట్టుకుంది. ఎవరూ కట్టుకోమనలేదు. బల్ల చూసింది, బోర్డు చూసింది, తనంతట తనే చేతులు కట్టుకుని నిటారుగా కూర్చుంది. ఏడాది కిందట బడి కిటికీలోంచి తల్లి చూసిన కూర్చోవడమే అది.

"పోనీ, ఈ వాక్యం చదువుతావా?"

ఉడుత కట్టుకున్న చేతులు ఇంకాస్త బిగించింది.

"నీ పేరైనా చెప్తావా?"

పిల్ల ఆఫీసరమ్మ ముఖం చూడటం లేదు. ఆవిడ కూర్చున్న చోటు కేసి చూస్తోంది.

"చెప్పమ్మా, మొన్న చదివావు కదా ఇది" అంది తల్లి. ఆ గొంతు తనదిలా లేదు. వారం రోజులుగా అలవాటు చేసుకున్న టీచరు గొంతది. "తల ఎత్తు. గట్టిగా చెప్పాలి. ఆవిడ అడుగుతున్నారు కదా, ఊ, మొదలుపెట్టు."

గుమ్మంలోంచి ఆడపడుచు పెదాలతో జవాబు అందిస్తోంది. దొరసాని ఆపుకోలేక "దానికొచ్చు మేడమ్, అన్నీ వచ్చు" అనేసింది.

"దయచేసి మీరెవరూ మాట్లాడకండి" అంది ఆఫీసరమ్మ. ఆ గొంతులో కోపం లేదు, అందుకే తల్లికి ఇంకా భయం వేసింది. ఆవిడ ఆగింది. చాలాసేపే ఆగింది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. తల్లికి అరచేతులు చెమట పట్టాయి. కూతురి బదులు తానే మాట్లాడగలిగితే ఆ క్షణంలో ఏమైనా ఇచ్చేసేది.

ఆఫీసరమ్మ కలం మూత పెట్టింది.

"చూడండమ్మా. బడిలో మాట్లాడటం లేదని ఇంటికి తెచ్చుకున్నారు. ఇంట్లో గలగలా మాట్లాడుతుందని ఈసారి అర్జీలో రాశారు. నాకైతే కనబడలేదు. బడిలోనూ ఇంతే, ఇంట్లోనూ ఇంతే అయితే, ఇంట్లో ఎందుకు? బడిలో కనీసం తోటిపిల్లలైనా ఉంటారు."

తల్లికి తెలుసు, ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. ఎక్కడో బడిలో ఉన్న గోడని ఇటుక ఇటుకా మోసుకొచ్చి ఇంట్లో కట్టుకుంది తను! ఎవరిని తప్పు పట్టాలి? ఆడపడుచు చెప్పింది, నిజమే. సుత్తి పట్టుకుంది మాత్రం తనే.

ఆఫీసరమ్మ సోఫా చెయ్యి పట్టుకుని మెల్లగా లేచింది. లేవగానే కింద స్ప్రింగు ఒకటి కీచుమంది.

ఉడుత గుప్పిట బిగిసింది. అది చూసింది తల్లి.

"మేడమ్, ఒక్క నిమిషం. ఎలాగూ లేచారు, కాస్త పక్కకి జరుగుతారా?"

ఆవిడ జరిగేలోపే తల్లి సోఫాని వెనక్కి తిప్పింది. మూల దాచిన పెట్టెలోంచి మేకులు పీకే పనిముట్టు లాక్కుని వెనక గుడ్డ అంచున దూర్చింది.

"వదినా! పిచ్చెక్కిందా ఏంటి? కొత్త గుడ్డే అది!"

ఆవిడకి వినబడలేదు. పీకిన మేకు పీకినట్టే నోట్లో పెట్టుకుంటోంది. కావాలని కాదు, చేతుల అలవాటు. ఒక మేకు, ఇంకో మేకు. నోరు నిండుతోంది. గుడ్డ జారుతోంది. ఒకచోట మేకు రాకపోతే గుడ్డనే పరపరా చింపేసింది. చెక్క కనబడింది. లోపలి చీకట్లో తెల్లగా సుద్దగీతలు కనబడ్డాయి. ఆఫీసరమ్మకి ఏదైనా చెబుదామని తిరిగింది గానీ నోటి నిండా మేకులు. ఉడుత వైపు చూసింది. బల్ల వైపు కాదు, బోర్డు వైపు కాదు, సోఫా వైపు తల ఊపింది.

ఉడుత కట్టుకున్న చేతులు విప్పింది. లేచింది. ఎవరినీ చూడకుండా వచ్చి లోపలికి దూరింది.

లోపల కాసేపు గరగరమని చప్పుడైంది. తర్వాత అదీ ఆగింది. తల్లి నేల మీద చతికిలబడింది. అయిపోయింది, ఆలస్యం చేశాను అనుకుంది.

"అమ్మా, స్పాంజి అడ్డంగా ఉంది. గుండీ ఎగరదు."

"ఊ" అంది తల్లి. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

ఆఫీసరమ్మ ముందుకి వచ్చింది. గోడ పట్టుకుని, 'అమ్మా' అని మూలుగుతూ నేల మీదికి దిగింది. తల వంచి లోపలికి చూసింది.

"నేను కూర్చున్నది దీని మీదా?"

"ఊ" అంది ఉడుత. తర్వాత మర్యాద గుర్తొచ్చి "అవునండీ" అంది.

"ఏ గుండీ ఎగరదు?"

"ఇదే." గుప్పిట తెరిచింది. పెద్ద కోటు గుండీ. "బిగుతు స్ప్రింగు మీద పెట్టి నొక్కి వదిలితే ఇంత ఎత్తు ఎగురుతుంది, గీత గీశాను చూడండి. సాగిపోయిన స్ప్రింగు మీద అయితే ఇక్కడిదాకే. దీనికి ముసలాయన అని పేరు పెట్టాను. కీచుమనేది ఇదే. ఇందాక మీరు లేస్తే అన్నాడు."

"ఆ లెక్క ఏమిటి?"

"పట్టీలు. సీటు కింద అడ్డంగా కొడతారు కదా. ఒక్కోటి నా జానతో మూడు జానలు. తొమ్మిది పట్టీలు కావాలి. మొత్తం ఇరవై ఆరు జానలు."

"ఊహూ" అంది తల్లి.

ఆఫీసరమ్మ తలతిప్పి తల్లిని చూసింది. తల్లి కదల్లేదు. అందించలేదు, తల ఊపలేదు. లోపల పిల్ల చెక్క మీద వేళ్ళు జరుపుకుంటూ గొణుక్కుంటోంది. ఆఫీసరమ్మ కూడా ఏమీ అనకుండా అలాగే వంగి ఎదురుచూసింది. ఈసారి ఆ మౌనానికి ఎవరికీ చెమట పట్టలేదు.

"ఇరవై ఏడు! ఒక జాన మింగేశాను."

"ఊ."

ఆ తర్వాత ఉడుతని ఆపడం ఎవరి తరం కాలేదు. వీధి పటం చూపించింది, ఏ గోడ మీద ఏ పిల్లి పడుకుంటుందో చూపించింది, తను రాసిన ముసలి స్ప్రింగు కథ పై నుంచి కింది దాకా చదివి వినిపించింది. రెండు అక్షరాలు తప్పు రాసింది, చదువుతుండగా తనే గమనించి బొటనవేలితో చెరిపేసింది. ఆఫీసరమ్మ మోకాళ్ళు ఏమయ్యాయో గానీ, లేవమని దొరసాని చెయ్యి అందించేదాకా లేవలేదు.

"ఇంకో ఏడాది" అంది దుమ్ము దులుపుకుంటూ. "పెద్దమ్మాయికి ఆ బల్లా, గంటా అలాగే ఉంచండి. చిన్నమ్మాయికి ఇది. ఈసారి వచ్చినప్పుడు మాత్రం నాకు వేరే కుర్చీ వెయ్యండమ్మా, ఆ ముసలాయన మీద నేను కూర్చోలేను."

తల్లి దణ్ణం పెట్టింది. అంతకు మించి ఆవిడ నోట్లోంచి మాట రాలేదు, రావడానికి చోటూ లేదు.

ఆఫీసరమ్మ వెళ్ళాక ఆడపడుచు అడ్డంగా ఉన్న స్పాంజి లాగేసి, చింపిన గుడ్డ పోగు చేసింది. ఆఖరికి అంది: "మా బడిలో గది నిండా పిల్లలు, అందరికీ ఒకటే బోర్డు. నాకు ఇంకోలా తెలీదు వదినా."

"నీదేం లేదమ్మా" అంది తల్లి, మేకులు చేతిలోకి ఉమ్మి డబ్బాలో వేస్తూ. "కొట్టింది నేను."

సోఫాలో చప్పుడు ఆగింది.

"మళ్ళీ మూసేస్తావా?" అంది ఉడుత లోపల్నుంచి.

"లేదు నాన్నా. ఎప్పటికీ మూయను."

పిల్ల ఆలోచిస్తోంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఎవరు చెప్తున్నారు? టీచరా, అమ్మా?"

తల్లి ప్రమాణాలు చేద్దామనుకుంది, నా తల్లి కదూ అని బతిమాలదామనుకుంది. మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అవేవీ పనికిరావని తెలిసింది. డబ్బాలోంచి గుప్పెడు మేకులు తీసి నోట్లో పెట్టుకుంది. సోఫా వెనక నేల మీద కూర్చుంది.

"ఊ" అంది.

లోపల ఉడుత కాస్త పక్కకి జరిగిన చప్పుడైంది. తర్వాత గుండీ ఎగిరి చెక్కకి తగిలింది.